ఇంగ్లీషు రాని ఇంట ఇంగ్లీషు పరీక్ష
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసింది. ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో అందరూ విన్నారు. కాని పన్నెండవ తరగతి ఇంగ్లీషు పేపరులో ఆదాయమెంతో సిద్ధాంతిగారు చెప్పలేదు. ఆ లోటు తీర్చమని కార్యవర్గంవారు మమ్మల్ని నిలబెట్టారు. ఉగాది పచ్చడి చేదు నోట ఉండగానే ఈ చేదు కూడా మింగించవచ్చునని వారి ఎత్తు కాబోలు.

మన పిల్లలలో మహారాష్ట్ర బోర్డు పరీక్షకు కూర్చునేవారిని గురించే ఈ నాలుగు మాటలు. ఇటీవల ఆ పరీక్షలు ఇంగ్లీషుతోనే మొదలవుతున్నాయి. 2024లో ఫిబ్రవరి 21న, 2025లో ఫిబ్రవరి 11న మొదలైనాయి. ఏ విభాగంలో చదివే పిల్లకైనా ఇంగ్లీషు తప్పదు. పదకొండు దాటి పన్నెండులో అడుగుపెట్టేవారికి ఈనాటినుండి ఇంచుమించు పది నెలలున్నాయి. దీపావళి పోయిన తరువాత మేలుకోవడం మన ఇండ్లలో ఆనవాయితీ గదా, ఈసారి ఉగాదికే మేలుకొందాము.

మేము ఏ ఇంటికి వెళ్ళినా తల్లిదండ్రులు ఒకే మాట అంటారు: "మాకు ఇంగ్లీషు రాదు. మేమేం చెప్పగలం? ట్యూషను ఫీజు కట్టగలం, అంతే." ఈ మాట వినయంతో అన్నదే గాని నిజం కాదని మనవి చేయడానికే వచ్చాము. ఈ పరీక్షలో అతి కష్టమైన పని ఇంగ్లీషు వ్రాయడం కాదు, చదివినదేమిటో గ్రహించడం. ఆ పనిలో ఇంగ్లీషు రాని తల్లి కూడా సహాయం చేయగలదు. అది ఆమె తెలుగులోనే చేయవలసిన సహాయం.

పేపరు ఎట్లా ఉంటుందో కొంచెం చూడండి. 2020లో వెలువడిన యువకభారతి పుస్తకం మీద ఏర్పడిన పేపరులో వ్రాత పరీక్షకు 80 మార్కులు, వ్యవధి మూడు గంటలు. తక్కిన 20 మార్కులు కళాశాలలోనే జరిగే మౌఖికం మొదలైనవాటికి. 80లో గద్యానికి 34, పద్యానికి 14, లేఖలు మొదలైన రచనకు 16, నవలకు 16. గద్యానికున్న 34లో 24 మార్కులు రెండు ఖండికల మీద ప్రశ్నలకే పోతాయి. ఒక ఖండిక పుస్తకంలోది. రెండవది పిల్ల ఎన్నడూ చూడనిది. చూడనిదానిని బట్టీ పట్టడం ఎట్లా? గైడు ఎంత లావుగా ఉన్నా అక్కడ చేతులెత్తేస్తుంది. పైగా ప్రతి ఖండిక కింద నీ అభిప్రాయమేమిటని ఒక ప్రశ్న అడుగుతారు. దానికి గైడులోని అభిప్రాయం వ్రాస్తే వందమంది పిల్లలది ఒకే అభిప్రాయమవుతుంది. దిద్దేవారికి అది తెలియదా?

రేపు పుస్తకం మారితే పాఠాలు మారవచ్చు. మేము చెప్పే పద్ధతి మారనక్కరలేదు.

ఒక పద్యం ఉదాహరణగా తీసుకొందాము. ఆ పుస్తకంలో సరోజినీ నాయుడు గారి 'ఇండియన్ వీవర్స్' ఉన్నది. 1905లో వచ్చిన 'ది గోల్డెన్ త్రెషోల్డ్' సంపుటిలోనిది. ఆమె బెంగాలీ కుటుంబంలో హైదరాబాదులో పుట్టి, 1898లో గోవిందరాజులు నాయుడు గారిని పెళ్ళాడి మనింటి కోడలైంది. పద్యం చిన్నది, మూడే చరణాలు. కవయిత్రి నేతగాళ్ళను ప్రశ్న అడుగుతుంది, వాళ్ళు జవాబు చెబుతారు. తెల్లవారుజామున నేసేది పసిబిడ్డకు బట్ట. పొద్దుగూకాక నేసేది రాణిగారి పెండ్లి మేలిముసుగు. చలి వెన్నెలలో నేసేది చనిపోయినవాని మీద కప్పే గుడ్డ. మొదటిది నీలం, రెండవది నెమలి రంగులు, మూడవది తెలుపు.

గైడులో దీనికి నాలుగు వాక్యాలుంటాయి: మానవ జీవితంలోని మూడు దశలు, ఉపమాలంకారం, వర్ణచిత్రణ, సందేశం. తప్పేమీ లేదు. కాని మరమగ్గం చప్పుడులో పుట్టి పెరిగిన పిల్ల ఆ నాలుగు వాక్యాలే కంఠస్థం చేసి వ్రాస్తుంటే మాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పద్యంలో జవాబు చెప్పేవాడు పక్క గదిలోనే ఉన్నాడు గదా! "బాపూ, వెన్నెల వెలుగులో తెల్ల పోగు తెగితే కనబడుతుందా? పొద్దున వేసిన పడుగుకూ రాత్రి వేసిన పడుగుకూ నీ చేతికి ఏమైనా తేడా తెలుస్తుందా? పెండ్లి బట్ట నేసినప్పుడు ఆ పెండ్లికూతురెవరో నీకెప్పుడైనా తెలిసిందా?" అని అడగనీయండి. పద్యంలో కవయిత్రి చేసిన పని అదే. బాపు ఏ జవాబు చెప్పినా అది గైడులో దొరకని జవాబు. పద్యాన్ని మెచ్చుకొంటూ వ్రాసే ప్రశ్నకు 4 మార్కులు. పద్యం నీకెందుకు నచ్చిందో కూడా అందులో చెప్పవలెను. బాపు మాట రెండు చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా అక్కడ వ్రాసే పిల్ల ఎవరికీ అప్పుపడదు.

ఇక తల్లుల సంగతి. మన తూర్పు పేటలలో అమ్మలు బీడీలు చుడుతూ కూర్చుంటారు. చేతులు పనిలో ఉంటాయి గాని చెవులు ఖాళీయే. రాత్రి పది నిమిషాలు, ఆ రోజు పాఠాన్ని పిల్ల తెలుగులో కథలాగా చెప్పవలెను. అమ్మ అడగవలసినవి రెండే మాటలు: "తర్వాతేమైంది బిడ్డా?", "ఎందుకట్ల చేసిండు?" ఎక్కడ పిల్ల తడబడితే అక్కడ పాఠం అర్థం కాలేదన్నమాట. ఆ చోటనే పెన్సిలుతో గీత పెట్టుకొని మరునాడు ఉపాధ్యాయుని అడగవలెను. చెప్పడం అయినాక పుస్తకం మూసి, అదే కథను అయిదు ఇంగ్లీషు వాక్యాలలో వ్రాయవలెను. తప్పులుంటే ఉండనీయండి. దిద్దేవారు కూడా ఒక రోజు ఒక రకం తప్పునే పట్టుకొంటే మంచిది. కాగితమంతా ఎర్ర సిరా పూస్తే ఆ పిల్ల మళ్ళీ కాగితం చూపదు.

నవల భాగంలో 'ఎనభై రోజులలో భూప్రదక్షిణం' కథ ఉన్నది. ఫ్రెంచివాడు జూల్ వెర్న్ వ్రాసినది. ప్రయాణీకుడు తూర్పు దిక్కుగా భూమిని చుట్టివచ్చేసరికి, తనకు తెలియకుండానే ఒక రోజు కలిసివస్తుంది. పందెం గెలిచేది ఆ ఒక్క రోజు వల్లనే. తిథులు లెక్కపెట్టే నాయనమ్మకు ఈ కథ చెప్పి చూడండి. ఆమె మనుమరాలికంటె ముందు ఆ కిటుకు పట్టుకొన్నా ఆశ్చర్యం లేదు.

వ్యాకరణంలో మన పిల్లలు జారిపడే చోట్లు కొన్ని తెలుగు వల్లనే వస్తాయి, అవి తెలుగుతోనే తీరుతాయి. "బాపు రేపు వస్తానన్నాడు" అంటాము. వస్తాను అన్న మాట అట్లాగే నిలిచిపోయింది. ఇంగ్లీషులో ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు 'నేను' పోయి 'అతడు' రావలెను, 'టుమారో' పోయి 'ది నెక్స్‌ట్ డే' రావలెను. ఈ మార్పు చేయమని పరీక్షలో అడుగుతూనే ఉంటారు. మనకు మేము వేరు, మనము వేరు. వారికి రెండింటికీ 'వి' ఒక్కటే. 'ఎ', 'ది' అనే చిన్న మాటలు మనకు లేవు కనుక పిల్లలు వాటిని మరచిపోతారు. ఈ తేడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూపితే నూరు సూత్రాల పెట్టు.

కొందరు ఇండ్లలో ఒక కట్టడి పెట్టారని విన్నాము: పరీక్ష సంవత్సరంలో ఇంట తెలుగు మాట్లాడరాదని. వీధిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో మౌనం. వచ్చీరాని ఇంగ్లీషులో పిల్లవాడు "యెస్, నో" తప్ప ఏమీ చెప్పడు. ఇంగ్లీషు పెరగలేదు, ఇంట మాట్లాడేవాడు మాత్రం పోయాడు. ఈ పని మాకు ససేమిరా నచ్చదు.

మరొకటి కూడా చెప్పక తప్పదు. ఇంగ్లీషు ఒక్కటి తప్పిందని ఆడపిల్లను చదువు మాన్పించి సంబంధాలు చూడడం, మగపిల్లవాణ్ణి కార్ఖానాలో పెట్టడం మన పేటలలో జరుగుతున్నది. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే అనుబంధ పరీక్ష జరుగుతుంది. తప్పిన ఒక్క సబ్జెక్టుకే కూర్చోవచ్చు. ఫారం నింపడానికి గడువు తక్కువ కనుక ఇంట్లో ఏడ్పులు ఆగేలోగా కళాశాలకు వెళ్ళి అడగండి. పెండ్లిచూపులు ఆ తరువాత చూసుకోవచ్చు.

ఆ పుస్తకంలోనే మరాఠీ కవి దిలీప్ చిత్రే ఇంగ్లీషులో వ్రాసిన 'ఫాదర్ రిటర్నింగ్ హోమ్' ఉన్నది. రాత్రి పొద్దుపోయాక రైలులో ఇల్లు చేరే తండ్రి. ఇంట్లో పిల్లలు అతనితో ఏమీ పంచుకోరు. పాళీ దిగి వచ్చిన బాపు అన్నం తినేటప్పుడు ఈ పద్యం భావం తెలుగులో చెప్పమని మా వద్దకు వచ్చే పిల్లలకు పని పెట్టాము. ఒక కుర్రవాడు చెప్పాడట. వాళ్ళ బాపు చాలాసేపు ఊరకుండి, "ఆ రైలాయన ఏం పని చేస్తడురా?" అని అడిగాడట. పద్యంలో అది లేదు. ఆ సంగతి మీదనే తండ్రీ కొడుకులు అర్ధరాత్రిదాకా మాట్లాడుకొన్నారు.

వచ్చే ఆదివారంనుండి మన సంఘం గదిలో సాయంత్రం ఈ పిల్లలతో కూర్చుంటాము. పాత యువకభారతి పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు ఎవరి ఇంటనైనా ఉంటే చిత్తుకాగితాలవానికి వేయకుండా తెచ్చి ఇవ్వండి. తల్లులు కూడా రావచ్చు. బీడీల చేట తెచ్చుకొన్నా అభ్యంతరం లేదు.