పని లేకుండా నెల్లూరులో ఒకరోజు



మా అక్క కోడలు భర్తతో స్పెయిన్ దేశం వెళ్ళి వచ్చింది. అక్కడ టొలేడో అనే పాత నగరాన్ని పొద్దుటినుంచి సాయంత్రందాకా నడిచే చూశారట. మూడు వైపులా నది చుట్టుకున్న ఊరు. పెద్ద చర్చి, వెయ్యేళ్ళ కిందట మసీదుగా కట్టిన కట్టడం, యూదుల పాత ప్రార్థన మందిరం, అన్నీ నడక దూరంలోనే ఉన్నాయట. ఫోటోలు చూపిస్తూ, "చిన్నత్తయ్యా, మీ నెల్లూరూ ఏటి ఒడ్డునే కదా, అక్కడ చూడవలసినవి ఏమున్నాయి?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. అల్లూరికి కాపురానికొచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. నెల్లూరికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. కానీ నాకు తెలిసిందల్లా చీరల కొట్లు, కల్యాణ మండపాలు, డాక్టర్ల గదులు.

మా అత్తమ్మతో, "ఒకరోజు పోయి ఊరు చూసొద్దాం" అన్నాను. ఆమెకు డెబ్బై దాటాయి. "ఆ ఊళ్ళో చూసేదేముందే? మీ మామయ్యను తీసుకుపోయాం, తెచ్చుకోలేకపోయాం" అంది. ఆరేళ్ళయింది ఆయన పోయి. అప్పటినుంచి ఆమె నెల్లూరి బస్సెక్కలేదు. నేను బలవంతపెట్టలేదు. నాలుగు రోజులు పోయాక తనే, "రంగనాయకుల గుడికైతే వస్తా" అంది.

పుష్యమాసం, ఎండ తక్కువ. తెల్లవారుజామునే పులిహోర కలిపి, మంచినీళ్ళ సీసా, గొడుగు సంచిలో పెట్టుకుని బయలుదేరాం. పెన్న బ్రిడ్జి దాటి దిగి, మెల్లగా నడుచుకుంటూ రంగనాయకుల పేటకు చేరాం. ఏడంతస్తుల గాలిగోపురం, లోపల అద్దాల మండపం, గుడి వెనకాల పెన్న. ఎప్పుడొచ్చినా దణ్ణం పెట్టుకుని బస్సుకు పరుగెత్తేదాన్ని. ఆ రోజు ఏటి వైపు తీరిగ్గా కూర్చున్నాం. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి ఊరిది. విరాటపర్వం మొదలు 15 పర్వాల భారతం తెలుగు చేసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఆ మాట చెబితే అత్తమ్మ, "హరిని చూశాం, మరి హరుణ్ణి చూడొద్దూ?" అని లేచింది.

అలా మూలాపేట మూలస్థానేశ్వరుడి గుడికి నడిచాం. నెల్లి అంటే ఉసిరి. ఉసిరిచెట్టు కింద శివలింగం వెలిసిందనీ, అందుకే ఊరికి నెల్లూరని పేరొచ్చిందనీ స్థలపురాణం. నెల్లు అంటే వరి, దానివల్లే ఆ పేరని అనేవాళ్ళూ ఉన్నారు. మన మాగాణులు చూస్తే అదీ నిజమే అనిపిస్తుంది.

ఆ పేటలోనే వేణుగోపాలస్వామి గుడి ఉంది. హరిజనులను లోపలికి రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష పట్టింది ఈ గుడి కోసమే. చివరికి తలుపులు తెరిచారు. 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన ప్రాణమిచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఈ దీక్ష సంగతి మనలో ఎందరికి తెలుసు? అత్తమ్మ గడప దగ్గర ఆగిపోయింది. "మా చిన్నప్పుడు మా పొలంలో పనిచేసేవాళ్ళు గుడి బయటే నిలబడేవాళ్ళు. అది తప్పని మాకెవరూ చెప్పలేదే" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

పులిహోర తిని, కాసేపు నడుం వాల్చి, మళ్ళీ బయలుదేరాం. దారిలో ఆ ఆసుపత్రి వచ్చింది. నేను పక్క సందులోకి తిప్పబోయాను. "ఇటే పోదాం" అంది. ఎదురుగా వేపచెట్టు. "మూడు రోజులు ఇక్కడే కూర్చున్నా. ఈ వీధి అవతల ఏముందో కూడా తెలియదు నాకు" అంది. కళ్ళు తుడుచుకుని నాకంటే ముందు నడిచింది.

అవతల కొంత దూరం ఆటోలో పోతే స్వర్ణాల చెరువు, గట్టున బారాషహీద్ దర్గా. యుద్ధంలో ప్రాణాలు విడిచిన పన్నెండుమంది వీరుల సమాధులవి. మొహర్రం రోజుల్లో ఇక్కడ రొట్టెల పండుగ. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని ఉంటాయి. కోరిక తీరినవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తే, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. తమ కోరిక తీరాక మరో ఏడు వచ్చి తామూ ఇస్తారు. హిందువులు, ముస్లిములు అన్న తేడా ఉండదు. మేం పోయిన రోజు గట్టంతా నిశ్శబ్దంగా ఉంది. "నీకే రొట్టె కావాలి అత్తమ్మా?" అని అడిగితే, "నడిచే ఓపిక రొట్టె ఏమైనా ఉందేమో కనుక్కో" అని నవ్వింది.

మీరూ మీ దగ్గరి ఊరిని ఒకరోజు ఇలా చూడండి. కొత్త చెప్పులు వేసుకోకండి. గుళ్ళు మధ్యాహ్నం మూస్తారు కనుక పొద్దున్నే బయలుదేరండి. కాళ్ళు మొరాయిస్తే ఆటో ఎక్కండి, నామోషీ ఏమీ లేదు. ఆ రోజుకు మాత్రం కొనవలసినవాటి చీటీ ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

తిరుగు బస్సులో అత్తమ్మ కిటికీ పక్క సీటు అడిగి కూర్చుంది. బస్సు పెన్న దాటుతుంటే వెనక్కి తిరిగి గోపురం కోసం చూస్తూ, "ఉదయగిరి కోట ఇక్కడికి ఎంత దూరమే?" అంది.