విమాన ప్రయాణం – నిద్ర – మందులు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ దవాఖానలో ఫార్మసిస్టుగా చేసి రిటైరైన నన్ను మందుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. మన సభ్యుల్లో కొడుకో బిడ్డో అమెరికాలో ఉన్నవారు చాలామందే ఉన్నారు. టికెట్టు ఖాయం కాగానే "అక్కడ నిద్ర పట్టదట, ఏదన్నా గోలీ చెప్పరాదే" అని అడుగుతుంటారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మన పెద్దపల్లి జిల్లావారికి ఈ బాధ కొత్త కాదు. గోదావరిఖని గనుల్లో, రామగుండం ఎన్.టి.పి.సి.లో నైట్ షిఫ్టు చేసినవారికి బాగా తెలుసు. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే కన్ను మూతపడదు. విమానం ఎక్కినా అంతే. ఎండాకాలంలో మనకు రాత్రి పదిన్నర అయితే డల్లాస్‌లో మధ్యాహ్నం పన్నెండు. మనిషి అక్కడ దిగుతాడు గాని మెదడులోని గడియారం ఇంకా పెద్దపల్లి వేళలోనే ఉంటుంది. ఈ గడియారం జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో కనుగొన్నందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. అది రోజుకు సుమారు ఒక గంట చొప్పున జరుగుతుంది. కాబట్టి వారం, పది రోజులు పట్టడం సహజం. రోగమని భయపడనక్కరలేదు.

ఇక మందుల సంగతి. చాలామంది అడిగేది అల్ప్రాజోలం. దాంతో మత్తు వస్తుంది గాని గడియారం తిరగదు. మన దగ్గర కల్తీ కల్లులో పట్టుబడే మందుల్లో ఇదొకటి. డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని చట్టం ఉంది. అరవై అయిదు దాటినవారికి ఇది మతిమరుపు, తికమక తెస్తుంది. కొత్త ఇంట్లో రాత్రి బాత్‌రూముకు లేచి తూలిపడితే తుంటి ఎముక విరుగుతుంది. విమానంలో వేసుకుని గంటలకొద్దీ కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. అయితే దీన్ని ఎన్నాళ్లుగానో వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా మానవద్దు. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

అమెరికా దుకాణాల్లో చీటీ లేకుండా దొరికే నిద్రమాత్రల్లో చాలావాటిలో డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. ప్రోస్టేటు వాచినవారికి దీంతో మూత్రం బిగుసుకుపోవచ్చు. పిల్లలు ప్రేమతో తెచ్చిచ్చినా వద్దనండి.

ఈ బాధకు కొంత పనికొచ్చే మందు మెలటోనిన్. చీకటి పడ్డాక మన మెదడే దీన్ని తయారు చేస్తుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో లెర్నర్ అనే చర్మవైద్యుడు బొల్లికి మందు వెతుకుతూ దీన్ని వేరుచేశాడు. అర మిల్లీగ్రాము నుంచి అయిదు వరకు, చేరిన ఊళ్లో పడుకునే వేళకు కొద్ది రోజులు వేసుకుంటే గడియారం సర్దుకోవడానికి సాయపడుతుంది. పగటిపూట వేసుకుంటే అసలుకే మోసం. అమెరికాలో దీన్ని ఆహార పదార్థాల కింద అమ్ముతారు. 2017లో కెనడాలో 31 రకాలు పరీక్షిస్తే చాలావాటిలో లేబులుకూ లోపలి మందుకూ పొంతన లేదు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారు, మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టరాదు.

అన్నింటికన్నా మంచి మందు పగటి వెలుతురు. దిగిన మరునాటి నుంచే పగలు బయట నడవండి. అక్కడి వేళకే తినండి. పగటి కునుకు అరగంట దాటనీయకండి. మాపటేళ చాయ్ మానండి. ఇన్సులిన్, బీపీ మందుల వేళలు ఎలా మార్చాలో బయలుదేరేముందే డాక్టరుతో రాయించుకోండి. రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే వైద్యునికి చూపించుకోండి.

ఒకరి గోలీలు ఇంకొకరు పంచుకోవద్దు. మనుమలు, మనుమరాళ్లతో ఆడుకోవడానికి పోతున్నాం, మంచాన పడడానికి కాదు.