మూడుగొట్టముల తుపాకికి తూటా

పెద్దలనాటి వస్తువు చేతికి వచ్చినప్పుడు మొదట సంతోషము కలుగును. పిదప దానికి కావలసిన సామగ్రి కొరకు వెదకులాట మొదలగును. పాతదీపమునకు తగని చిమ్నీ అమర్చినచో పొగచూరును, అంతే. తుపాకి సంగతి అట్లు కాదు. తగని తూటా పెట్టినచో చేయి పోవచ్చును, కన్ను పోవచ్చును. నేడు నేను చెప్పదలచినది ఐరోపా ఖండపు పాత వేటతుపాకులలో ఒక తెగను గూర్చియు, వానికి తూటాలు సంపాదించుటలోని కష్టమును గూర్చియు.

జర్మనీ, ఆస్ట్రియా దేశములలో వేటగాడు తనకు ఏర్పడిన అడవిభాగములోనే వేటాడును. అచ్చట ఒక్క ఉదయముననే కుందేలు లేవవచ్చును, ఫెజంటు పక్షి ఎగురవచ్చును, చెట్లచాటున అడవిపంది కనబడవచ్చును. పక్షికి సన్నని సీసపుగుళ్లు కావలెను. పందికి ఒంటిగుండు కావలెను. రెండు తుపాకులను మోయుటకంటె రెంటిని ఒక్కటిగా చేయుట మేలని అచ్చటి పనివారు తలచిరి. ప్రక్కప్రక్కన రెండు నున్నని గొట్టములు, వాని క్రింద లోపల మరచుట్లుగల సన్నని గొట్టమొకటి: సాధారణముగా ఇదియే డ్రిల్లింగు. జర్మను భాషలో 'డ్రై' యనగా మూడు. జర్మనీలో జూల్, ఆస్ట్రియాలో ఫెర్లాఖ్ పట్టణములు ఇట్టి తుపాకులకు ప్రసిద్ధములు.

1945లో యుద్ధము ముగిసిన పిమ్మట, జర్మనీని ఆక్రమించిన సైన్యములు పౌరులయొద్దనున్న తుపాకులను స్వాధీనపరచుకొన్నవి. అమెరికా సైనికులు అనేకులు అట్టి తుపాకులను జ్ఞాపికలుగా ఇండ్లకు తీసికొనిపోయిరి. తుపాకి సముద్రము దాటినది గాని, దాని తూటా దాటలేదు. నేడు మనుమనికి ఆ తుపాకి అటకమీద దొరకును. ఏ తూటా కావలెనో చెప్పుటకు తాత ఉండడు. అప్పుడు మనుమడు చేయరాని పని యొకటి కలదు: దొరికిన తూటాను దూర్చిచూచి, పట్టినది గనుక సరిపోయినదని నమ్ముట.

ఈ నమ్మకము ఎంత ప్రమాదకరమో రెండు ఉదాహరణములతో మనవి చేసెదను. పాత డ్రిల్లింగులలో పెక్కింటి నున్నని గొట్టములు 16వ నంబరువి. వానిలో తూటా కూర్చుండు గది పొడవు 65 మిల్లీమీటర్లు. నేడు విరివిగా దొరకు తూటా 70 మిల్లీమీటర్లది. అయినను అది ఆ గదిలో పట్టును! ఏలయన, 70 అనునది పేలి మూతి విచ్చుకొన్న తరువాతి పొడవు. పేలకముందు మూతి మడిచియుండుటచే తూటా పొట్టిగా నుండును. పేలునప్పుడు ఆ మడతకు చోటు చాలక, గొట్టము సన్నబడుచోటికి చొచ్చుకొనిపోవును. గుళ్లు పోవు దారి ఇరుకగును. లోపలి ఒత్తిడి పెరుగును.

రెండవది ఒంటిగుండు గొట్టమునకు సంబంధించినది. జర్మను సైన్యము 1888లో 8 మిల్లీమీటర్ల తూటాను స్వీకరించెను. ఇరువదవ శతాబ్దము తొలి యేండ్లలో దానికి మొనదేలిన క్రొత్తగుండు వచ్చెను. పాతగుండు వ్యాసము సుమారు 8.1 మిల్లీమీటర్లు, క్రొత్తదానిది 8.2. వేటతుపాకులకై చేసిన అంచుగల తూటాలును ఈ రెండు కొలతలలోను వెలువడినవి. పేరులలో భేదము 'ఎస్' అను ఒక్క అక్షరమే. తొడుగులు ఒకే తీరుగ నుండుటచే క్రొత్తతూటా పాతగదిలో కూర్చుండవచ్చును. కాని లావుగుండు సన్నగొట్టములో నొక్కుకొని పోవలసివచ్చుటచే ఒత్తిడి మితిమీరును.

కనుక మొదటి పని దుకాణమునకు పోవుట కాదు, తుపాకిని చదువుట. జర్మనీలో 1891 నాటి చట్టము తుపాకులకు పరీక్షయు, ముద్రలును ఏర్పరచెను. గొట్టముల అడుగున కిరీటము క్రింద గాని, తరువాతి కాలపు తుపాకులలో గ్రద్ద క్రింద గాని 'ఎన్' అను అక్షరమున్నచో, అది పొగలేని మందుతో పరీక్షింపబడినదని అర్థము. అట్టి గుర్తు ఏదియు లేనిచో, నేటి మందు అందు వాడరాదని భావించుటయే క్షేమము.

ముద్రలు చాలనిచోట కొలత తీయవలెను. మరుగునీటి వేడికి లోబడియే కరగు మిశ్రమలోహమును తూటాగదిలో పోసి, గట్టిపడిన అచ్చును బయటికి తీసి, పోసిన గంటకు కొలిచినచో గది కొలత తెలియును. మెత్తని సీసపుగుండును నూనె పూసిన గొట్టమున మెల్లగా త్రోసి కొలిచినచో గొట్టము కొలత తెలియును. 9.3×72 అను పాత అంచుతూటాను వాడు తుపాకులకు ఈ పని మరింత అవసరము. వాని గొట్టముల లోపలి కొలత ఒకదానికొకటి సరిపోదు.

కొలత తెలిసిన పిదపనే వెదకులాట. కొన్ని పాతతూటాలను చెక్ దేశపు కర్మాగారమువంటివి నేటి కాలమునను తయారుచేసినవి. దొరకనివానికి, పేలిన ఇత్తడి తొడుగునే మరల నింపుకొనవలెను. పాతటోపీని తీసివేసి, తొడుగును అచ్చులో నొక్కి, క్రొత్తటోపీ అమర్చి, మందు తూచి పోసి, గుండు బిగింతురు. పని చిన్నదే, పొరపాటు మాత్రము చిన్నది కాదు. బల్లమీద ఒక్క రకపు మందే ఉండవలెను. ప్రచురితమైన కొలతలలో కనిష్ఠముతో ప్రారంభింపవలెను. ఒకే తొడుగులో రెండుమారులు మందు పడలేదని దీపపు వెలుగున ప్రతిదానిని చూడవలెను. అన్నిటికంటె ముందు, కీళ్లును తాళమును వదులుపడలేదని తుపాకిపని తెలిసినవాడు చెప్పవలెను.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని సవరణలు వేటను నిషేధించినవి. అనుమతిలేక తూటా తయారుచేయుట 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి నేరము. కనుక ఇది మనము చేయదగిన పని కాదు. వేరొక దేశపు పనివారి జాగ్రత్తను తెలిసికొనుట మాత్రమే. ఆ జాగ్రత్త యేమనగా: ముద్రయు కొలతయు ఏకీభవించినప్పుడే తూటా పెట్టవలెను, ఏ ఒక్కటి సందేహమైనను, తాతగారి తుపాకిని గోడకు తగిలించి, చూచి సంతోషింపవలెను.