నకలు కాని నకలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళము. అయినా నేడు పైథాన్ అనే కంప్యూటరు భాష గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము. సి.బి.ఎస్.ఇ. పదకొండవ తరగతి కంప్యూటర్ సైన్సులో అది పాఠ్యాంశము. హాలెండు దేశస్థుడు గైడో వాన్ రాసమ్ 1991లో దీనిని లోకానికి అందించారు.

ఇందులో లిస్టు అంటే పెన్సిలుతో రాసుకొన్న జాబితా. పేరు చేర్చవచ్చు, కొట్టివేయవచ్చు. టపుల్ అట్లా కాదు, సీలు వేసిన కాగితం. బెజవాడ, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, బందరు అని బస్సు దారిని టపుల్‌లో పెడితే తరువాత దిద్దడం కుదరదు. దిద్దబోతే పైథాన్ తప్పు చూపి ఆగిపోతుంది.

చిక్కంతా లిస్టుతోనే. ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టిన పిల్లల పేర్లు ఒక లిస్టులో ఉన్నాయనుకోండి. ఒకాయన

నకలు = పేర్లు

అని రాసి, అసలు జాబితా భద్రమే గదా అని నకలులోనుంచి కొన్ని పేర్లు తీసివేశాడు. చూస్తే అసలులోనూ అవి లేవు! అక్కడ నకలు తయారే కాలేదు మరి. ఉన్న ఒక్క జాబితాకే రెండో పేరు పెట్టడమైనది. బడిలో కరీం, ఇంట్లో బాబు. బాబుకు క్షవరం చేయిస్తే కరీం జుట్టు మిగులుతుందా?

నకలు = పేర్లు[:]

అని రాస్తే వేరే జాబితా పుడుతుంది. ఆ రెండు చుక్కలు మరిస్తే ఏ పిల్లవాడి ఫీజు పోతుందో! (జాబితాలో మళ్ళీ జాబితాలుంటే ఇదీ చాలదు, లోపలివి ఉమ్మడిగానే ఉంటాయి. అప్పుడు డీప్‌కాపీ అనేది వాడాలి.) 2008లో వచ్చిన పైథాన్ 3 నుండి ఈ పేర్లను ఇట్లా తెలుగులోగాని, మన ఉర్దూలోగాని పెట్టుకోవచ్చును.

సెట్ అని మరొకటి. ఒకే పేరు రెండుసార్లు వేసినా ఒక్కటే ఉంచుతుంది. చందాదారుల లెక్కకు బాగున్నదే అనిపిస్తుంది. కాని మన ఊళ్ళలో కరీంలు ఒక్కరా ఇద్దరా? ఇద్దరి చందా రాస్తే ఒకరు మాయం. దానికి డిక్షనరీ మేలు. వీధి పేరు, ఇంటి నంబరు కలిపి టపుల్‌గా కట్టి తాళంచెవిగా పెట్టండి. దాని ఎదుట ఆ ఇంటివారి పేర్లు లిస్టుగా రాయండి. లిస్టును మాత్రం పైథాన్ తాళంచెవిగా ఒప్పుకోదు. పళ్ళు మారిపోయే చెవితో తాళం ఎట్లా తీస్తాము?

2018లో వచ్చిన 3.7 నుండి డిక్షనరీ మనం రాసిన వరుసను తప్పక నిలుపుతుంది. సెట్‌కు ఆ హామీ నేటికీ లేదు. కనుక చందా ముందెవరిచ్చారని సెట్‌ను అడగకండి.