ఆట నేర్పిన అక్షరాలు

(అరక్కోణంలో జరిగిన సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడల్లా భాషా అల్పసంఖ్యాకుల హక్కులను గురించి, కోర్టు తీర్పులను గురించి చెప్పడం ఆనవాయితీ. ఈసారి ఒక ఆటను గురించి మాట్లాడుతానని నిర్వాహకులకు ముందే చెప్పాను. వారు కొంచెం తటపటాయించారు. నలభై దాటిన వకీలు కంప్యూటరులో రాక్షసులతో పోరాడే ఆట ఆడుతాడంటే నవ్వు రావడం సహజమే. నవ్వండి. కాని ఆ ఆట కారణంగానే మా ఇంట్లో ఒక బిడ్డకు తెలుగు అక్షరాలు వచ్చాయి. అది ఎట్లా జరిగిందో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

నేను గుడియాత్తంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని వేలూరులో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియరుగా చేరిన రోజులవి, 2005వ సంవత్సరం. కోర్టు ముగిసిన తరువాత మా ఊరి బస్సు ఎక్కేలోగా ఒక గంట చేతిలో ఉండేది. ఆ గంటను బ్రౌజింగు సెంటరులో గడిపేవాణ్ణి. అక్కడ పరిచయమైనది రూన్‌స్కేప్ అనే ఆట. ఆండ్రూ గోవర్ అనే ఇంగ్లండు యువకుడు సోదరుడి సాయంతో తయారుచేసి 2001 జనవరిలో దానిని విడుదల చేశాడు. ఆ పిమ్మట కేంబ్రిడ్జిలోని జాగెక్స్ సంస్థ దానిని నడుపుతూ వచ్చింది. అప్పట్లో కంప్యూటరులో ప్రత్యేకంగా ఏదీ ఎక్కించవలసిన పని ఉండేది కాదు. ఆటలో కొంత భాగానికి డబ్బు కట్టనక్కరలేదు. జూనియరు వకీలుకు అంతకంటె ఏం కావాలి?

అది వేలమంది ఒకేసారి తిరిగే ఒక మాయాలోకం. అందులో మొదటి పనుల్లో ఒకటి వంటపని. లంబ్రిడ్జి కోటలో వంటవాడు కంగారుపడుతుంటాడు. ప్రభువు పుట్టినరోజు కేకుకు గుడ్డు, పాలు, పిండి కావాలి. ఆవు దగ్గర పాలు పిండుకోవాలి. చేలో గోధుమలు కోసి, గాలిమర పై అంతస్తులో పోసి, మీట లాగి, కిందికి దిగివచ్చి పిండి పట్టుకోవాలి. ఇక ఆ తరువాత కట్టెలు కొట్టడం, చేపలు పట్టడం, లోహాలు కరిగించడం, ఉన్ని వడకడం, మంత్రాలు నేర్వడం. అప్పట్లో ఒక్కొక్క విద్యకు 1 నుంచి 99 దాకా మెట్లుండేవి. 99వ మెట్టుకు 1,30,34,431 అంకాలు సంపాదించాలి. విచిత్రం ఏమిటంటే, అందులో దాదాపు సగం సంపాదించేసరికి మనం నిలబడి ఉండేది 92వ మెట్టు మీద. చూసేవాడు ఇంకా ఏడే కదా అనుకొంటాడు. ఎక్కేవాడికి సగం దారి మిగిలే ఉంటుంది. ఈ లెక్కను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇటువంటి మాయాలోకం మనకు కొత్తది కాదు. 1951లో మదరాసులో తయారైన ‘పాతాళ భైరవి’లో తోటరాముడు చేసిన సాహసాలు మన అవ్వాతాతలు చూసినవే. ఆ చిత్రం తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. 1947 జూలైలో మదరాసు నుంచే ‘చందమామ’ తెలుగులో, ‘అంబులిమామ’ తమిళంలో మొదలయ్యాయి. దాసరి సుబ్రహ్మణ్యంగారి మాంత్రికుల ధారావాహికలు చదువుతూ పెరిగినవారు ఈ సభలో చాలామంది ఉంటారు. ఒకే వీధిలో తెలుగు పిల్లవాడు, తమిళ పిల్లవాడు ఒకే రకం మాయలోకంలో తిరిగారు, ఎవరి అక్షరాల్లో వారు. ఇంగ్లండు ఆటలో నాకు ఆ వీలు లేకపోయింది. రాక్షసుడు ఇంగ్లీషులో మాట్లాడతాడు, మాంత్రికుడు ఇంగ్లీషులో మాట్లాడతాడు. తోటి ఆటగాళ్లతో మాట్లాడాలంటే రోమను అక్షరాలే గతి.

ఒక సాయంకాలం ఆ లోకపు నదీతీరంలో చేపలు పడుతుండగా పక్కనున్న ఆటగాడు హైదరాబాదువాడని తెలిసింది. రోమను అక్షరాల్లోనే తెలుగు రాసుకొన్నాం. ఊరు ఏదని అడిగాడు, చెప్పాను. “తమిళనాడా? మరి తెలుగు ఎప్పుడు నేర్చుకున్నారు?” అన్నాడు. అతని మనసులో ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. “నేర్చుకోలేదండీ, పుట్టినప్పటినుంచీ ఇదే” అని రాసి ఊరుకొన్నాను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుంచి మదరాసు రాష్ట్రంలోకి వచ్చిందనీ, సరిహద్దు జరిగినా ఇళ్లలోని మాట జరగలేదనీ అతనికి ఎవరు చెప్పి ఉంటారు? బస్సులో వస్తున్నంతసేపూ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తీసి, ఆనాటి ఆటను తెలుగు అక్షరాల్లో రాశాను. ఎవరికి చూపించడానికో కాదు. నాది అని చెప్పుకోవడానికి.

రాయడం మొదలుపెట్టిన తరువాత అసలు కష్టం తెలిసింది. మాటలు లేవు. అంటే నా దగ్గర లేవు. ఆటలో గొర్రె ఉన్ని కత్తిరించి, వడికి, ఇరవై ఉండలు ఒక రైతుకు ఇవ్వాలి. అవిసె నార వడికితే వింటికి తాడవుతుంది. ఇంగ్లీషు పేర్లు రాసి వదిలేశాను. మా అమ్మ పక్కన కూర్చొని కండెలు చుడుతూ, ఏం రాస్తున్నావని అడిగింది. చదివి వినిపించాను. “వింటికి కట్టేది నారి కదరా. దానికి ఇంగ్లీషెందుకు?” అన్నది. అక్కడినుంచి ప్రతిరాత్రీ అదే పని. రాట్నం, కదురు, కండె, పడుగు, పేక అమ్మ నోటినుంచి వచ్చాయి. కమ్మరం పని దగ్గరకు వచ్చేసరికి మా వీధి చివర కొలిమి పెట్టుకొన్న తాతను అడిగాను. తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు, మూస అన్నీ ఆయన చెప్పారు. రాగి, తగరం కలిపితే కంచు. ఇనుపరాయి ఒక పాలు, బొగ్గు రెండు పాళ్లు వేస్తే ఉక్కు. ఆటలో అట్లా ఉన్నదని చెబితే ఆయన ఆసక్తిగా విని, “ఎవరో తెలిసినవాడే పెట్టినాడు” అన్నారు. రెండు సంవత్సరాల్లో నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. 2008 నాటికి కోర్టు పని పెరిగి ఆట మానేశాను. పుస్తకాలు అటక ఎక్కాయి.

ఇక మా మేనకోడలి సంగతి. మా చెల్లెలిని అరక్కోణంలోనే ఇచ్చాం. ఆ పిల్ల ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతుంది, వీధిలో అంతే చక్కగా తమిళం మాట్లాడుతుంది. కాని తెలుగు అక్షరం ఒక్కటీ తెలియదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతినుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. నివసించే రాష్ట్రపు భాష నేర్చుకోవడానికి మనకు ఏనాడూ అభ్యంతరం లేదు. తమిళంతోపాటు తెలుగు చెప్పే మనిషి తన బడిలో లేకపోవడమే ఆ బిడ్డకు వచ్చిన చిక్కు.

రూన్‌స్కేప్ మధ్యలో చాలా మారిపోయింది. పాత ఆటే కావాలని ఆటగాళ్లు కోరగా, 2007 ఆగస్టు నాటి రూపాన్ని 2013 ఫిబ్రవరిలో తిరిగి తెరిచారు. 2018 అక్టోబరులో అది సెల్‌ఫోనులోకి వచ్చింది. మా మేనకోడలు దానిని ఆడుతున్నదని తెలిసి, 2020 మార్చిలో అమ్మతో కలిసి అరక్కోణం వచ్చినప్పుడు నా పాత నోటుపుస్తకాలు తెచ్చాను. వచ్చిన నాలుగు రోజులకే లాక్‌డౌను. రాత్రీ పగలూ రైళ్ల కూతతో ఉండే ఈ జంక్షను మూగబోయింది. మేము ఇక్కడే ఉండిపోయాం.

అప్పుడు ఆ పిల్ల ఒక డ్రాగను వేటలో చిక్కుకొని ఉన్నది. ఆ డ్రాగను ఉండే దీవికి పోవాలంటే మూడు ముక్కలైన పటాన్ని కూర్చుకోవాలి. ఒక ముక్క మంత్రించిన తలుపు వెనుక ఉన్నది. నాలుగు వస్తువులు తెస్తే గాని అది తెరుచుకోదు. వాటిని పొడుపుకథలాగా చెబుతారు. “మామా, నీకు తెలుసా?” అన్నది. “తెలుసు. మూడో పుస్తకంలో రాసిపెట్టినాను, చూసుకో” అన్నాను. పుస్తకం తెరిచింది. చాలాసేపు పుట వంక చూసింది. “ఇది నేను మాట్లాడేదేనా?” అన్నది. అవునన్నాను. “మరి నాకెందుకు రాదు?” అన్నది.

వకీలుగా ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పాను. దానికి చెప్పలేకపోయాను. 92వ మెట్టు లెక్క గుర్తుంచుకోమన్నది అందుకే. మన పిల్లలు మాట్లాడే తెలుగు విని మనం తృప్తిపడుతున్నాం, దాదాపు అంతా వచ్చేసిందని. అక్షరం దగ్గర సగం దారి మిగిలి ఉన్నదని మనకు కనబడదు.

మరునాటినుంచి అమ్మ పలక పట్టుకొన్నది. నేను రోజుకు నాలుగు అక్షరాలు రాసి, ఆ అక్షరాలున్న మాటలను నోటుపుస్తకంలో వెతకమనేవాణ్ణి. చదివి పెట్టమని మొదట్లో బతిమాలింది, అలిగింది, ఫోను విసిరికొట్టబోయింది కూడా. వత్తుల దగ్గర రెండు వారాలు ఆగిపోయింది. మూడు నెలలకు ఆ పుట తానే చదివింది. పట్టుబట్ట, ఎండ్రకాయల బుట్ట, మాంత్రికుల పానీయం, నాలుగోది పచ్చికుండ. “పచ్చికుండ అంటే ఆకుపచ్చదా?” అని అడిగితే అమ్మ నవ్వి, “కాల్చనిదమ్మా” అన్నది. తలుపు తెరుచుకొన్నది.

ఈ కథలో చట్టం ఎక్కడున్నదని మీరు అడగవచ్చు. ఉన్నది. ఆ ఆటలో పెద్ద నిర్ణయాలను ఆటగాళ్ల ఓటుకు పెడతారు. ఆటగాళ్ల మధ్య తీసివేసిన స్వేచ్ఛా వ్యాపారాన్ని సుమారు 12 లక్షల ఓట్ల తరువాత 2011 ఫిబ్రవరిలో తిరిగి ఇచ్చారు. పాత ఆటను తెరవడానికి 2013లో దాదాపు నాలుగున్నర లక్షల మంది ఓటు వేశారు. ఆ పాత ఆటలో కొత్తది ఏది చేర్చాలన్నా నూటికి 75 మంది ఒప్పుకోవాలన్నది నియమం. 2022లో దానిని 70కి తగ్గించారు. వినడానికి ఎంతో బాగున్నది. కాని ఆ ఓటింగులో తెలుగువాడు ఎన్నటికైనా గెలుస్తాడా? జర్మను, ఫ్రెంచి, పోర్చుగీసు రూపాలు వచ్చాయి, కొనేవారు ఉన్నారు కనుక. తక్కువమంది ఉన్నవారి అవసరం తలల లెక్కతో ఎన్నటికీ నెగ్గదు. మన రాజ్యాంగ నిర్మాతలకు ఇది తెలుసు. అందుకే 29వ అధికరణం తనదైన భాష, లిపి, సంస్కృతి గల ప్రతి పౌరసమూహానికీ వాటిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. దానికి ఎవరి ఓటూ అక్కరలేదు. 30వ అధికరణం విద్యాసంస్థలు పెట్టుకొనే హక్కు ఇచ్చింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన 350ఎ, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించే ప్రయత్నం చేయమని రాష్ట్రాలకు చెప్పింది. 29వ అధికరణంలో ‘భాష’ అని రాసి ఊరుకోలేదు, ‘లిపి’ అని వేరుగా రాశారు. మాట ఇంట్లో బతికి ఉండగానే లిపి పోవచ్చునని ఆ మాట మనకు గుర్తుచేస్తున్నది. మా మేనకోడలి విషయంలో పోయింది కూడా.

బడిలో తెలుగు కోసం మన అర్జీలు, మన వ్యాజ్యాలు సాగుతాయి. ఆ పని నాది, మానను. కాని వ్యాజ్యం తేలేలోగా బిడ్డ పదో తరగతి దాటుతుంది. అందుచేత ఈ సభలోని తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల చేతిలో ఫోను ఉన్నది, అందులో ఏదో ఒక ఆట ఉన్నది. డబ్బు పందెపు ఆటలైతే వెంటనే మాన్పించండి; 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం వాటిని నిషేధించింది. తక్కిన ఆటలకు వేళ పెట్టండి, నిద్ర చెడనీయకండి. ఆ తరువాత ఒక నోటుపుస్తకం కొనివ్వండి. ఆదివారం నాడు, ఆ వారం ఆడినదానిలో ఒక సంగతిని తెలుగు అక్షరాల్లో రాయించండి. మాట తెలియకపోతే అవ్వను అడగమనండి, తాతను అడగమనండి. మగ్గం మాటలు, కొలిమి మాటలు, సేద్యం మాటలు తెలిసినవారు ఈనాడు మన ఇళ్లలో ఉన్నారు. అడిగేవారి కోసం ఎదురుచూస్తున్నారు. మా అమ్మ చెప్పినవి నా నాలుగు పుస్తకాల్లో ఉన్నాయి. కొలిమి తాత ఇప్పుడు లేరు. నేను అడగని మాటలు ఆయనతోనే పోయాయి.

మా మేనకోడలు ఇప్పుడు తన పుస్తకం తానే రాస్తున్నది. ‘ల’ రాయవలసిన చోట ‘ళ’ రాస్తుంది, ఒత్తక్షరాలు ఎగరగొడుతుంది. కిందటి వారం తెచ్చి నా ముందు పెట్టి, “మామా, తప్పులు దిద్దు. కథ మాత్రం మార్చవద్దు” అన్నది. దిద్దుతున్నాను.