ఊరి మెప్పు - సంగీత విద్య



“ఇంట గెలిచి రచ్చ గెలువు”మని పెద్దలు చెప్పుదురు. మనము మొదటి మాటను పట్టుకొని రెండవదానిని విడిచితిమేమో యని నా అనుమానము. సంగీత విషయమున నేనే అట్లు విడిచినవాడను గనుక, ఆ సంగతి మీతో చెప్పుకొందును.

మాది ముదినేపల్లి. చిన్ననాటనే రామభజనలో హార్మోనియము నా చేతికి వచ్చినది. ధనుర్మాసమున నేను లేనిదే నగరసంకీర్తనము బయలుదేరెడిది కాదు. ఆ మెప్పు తలకెక్కి, ఇరువదవ యేట ఒక విద్వాంసుని యొద్దకు పోతిని. వారు హార్మోనియమును ప్రక్కన పెట్టించి, తంబురా మీటి, “సరళీస్వరములు పాడు నాయనా” అనిరి. హార్మోనియపు మెట్టు నొక్కినచో స్వరము సిద్ధముగా పలుకును. దాని నంటుకొని పాడుట సులభము. తంబురా యన్ననో, షడ్జ పంచమములను పలికి ఊరకుండును. తక్కిన స్వరముల స్థానములను చెవియే వెదకుకొనవలెను. నా గాంధారము నిలువలేదు. ప్రక్కన పదేండ్ల పిల్ల తప్పు లేక పాడుచుండెను. నాలుగవ నాడు ఊడ్పుల నెపము చెప్పి ఇల్లు చేరితిని. అటుపిమ్మట ఆ పిరికితనమునకే ‘మన ఊరి సంప్రదాయ’మని పేరు పెట్టుకొంటిని.

మనకు పొరుగున, గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కథ వేరు. తండ్రి సూరయ్యగారు తరంగములు పాడుచుండగా ఆ బాలుడు నర్తించెడివాడు. జనులు ‘బాలభరతు’డని మెచ్చిరి. పిదప ఒక సభలో విద్వాంసులతో పోటీపడి నవ్వులపాలయ్యెనని చెప్పుదురు. అంతవరకు వారికిని నాకును భేదము లేదు. వారు వెనుదిరుగక, చేతి ఉంగరము నమ్ముకొని విజయనగరము చేరిరి. మధుకరమెత్తి కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద గాత్రము నేర్చిరి.

అచటి సంగీత కళాశాలకు 1936 నుండి అధ్యక్షులుగా నుండిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని గూడ తలపవలెను. వాయులీనము ఐరోపానుండి వచ్చిన వాద్యము. మన సభలలో పాటకు ప్రక్కవాద్యముగా కుదురుకొన్నది. నాయుడుగారు అంతటితో తృప్తిపడక, అది ఒంటిగానే కచేరీ నడపగలదని చూపిరి. నేడు మనదని చెప్పుకొను సంప్రదాయములో నెంత భాగము నిన్నటి సాహసమో చూడుడు.

ఘంటసాలవారు విజయనగరముతోను ఆగలేదు. శాస్త్రీయ సంగీతము నేర్చి, మదరాసు పోయి, చలనచిత్రములలో మొదట బృందగానమున గొంతు కలిపిరి. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’లో పాడు అవకాశము దొరకినది. సభలో కడపటి వరుసకు వినబడునట్లు పాడుట యొక విద్య. మైకు ముందర ఊపిరి చప్పుడు సైతము అదుపున నుంచి పాడుట మరియొక విద్య. ఆ కాలపు గ్రామఫోను పలక ఒక వైపున సుమారు 3 నిమిషములే మ్రోగెడిది. గంటసేపు సాగు రాగమును అందులో ఇముడ్చవలెను. ఇట్లు రెండవసారి శిష్యులైనందుననే, పద్యమున రాగమును క్లుప్తపరచి, అర్థమును ముందు నిలుపు వారి బాణి మన చెవులలో నిలిచినది.

ఇప్పుడు మా యింటి సంగతి. మా మనుమరాలు వాయులీనము నేర్చుటకు విజయవాడ పోదునన్నది. “ఊరి భజన చాలదా?” అను మాట నా నాలుకపైకి వచ్చినది. అది నా పాత భయము పలికిన పలుకని గ్రహించి, మ్రింగితిని. పోయి రమ్మంటిని. ఆమె పోయిన మరునాడు నేనును శ్రుతిపెట్టె ముందర గూర్చుంటిని. గాంధార మింకను సరిగా నిలుచుట లేదు. కాని అది తప్పినపుడు ఇప్పుడు నాకే తెలియుచున్నది. అరువది దాటిన నాకు ఇదియే లాభము.

పెద్దలారా, భజనను మానుడని నేననను. నెలకొక శనివారము హార్మోనియమును మూసి, శ్రుతిమీదనే పాడి చూడుడు. మీ యింట పాడు బిడ్డ యున్నచో, పొగడ్తతో పాటు, తాను కడపటి వరుసలో గూర్చుండవలసిన చోటునకు దారి ఖర్చు గూడ ఇయ్యుడు. నవ్వులపాలై తిరిగి వచ్చిన నాడు “చెప్పితిని గదా” యనక, అన్నము పెట్టి మరల పంపుడు. నాకు ఆనాడు కావలసినది ఆ రెండవ పంపకమే.