సలీం అలీ సర్వే చేసిన నేల ఇది
(గోదావరిఖనిలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపకార వేతనాల గురించీ, బీసీ-ఇ ధ్రువపత్రాల గురించీ మేము మాట్లాడతామని మీరు అనుకొని ఉంటారు. ఆ ప్రస్తావన వస్తుంది. ముందు పక్షుల సంగతి చెప్పనివ్వండి.

పక్షులను పరిశీలించి రాసిపెట్టే అలవాటు మన దేశానికి పాతదే. జహంగీరు చక్రవర్తి ఒక సారస పక్షుల జంటను దగ్గరుండి గమనించి, అవి గుడ్లను పొదిగిన తీరును తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ గీసిన సైబీరియా కొంగను చూసి నేటి శాస్త్రజ్ఞులు కూడా జాతిని గుర్తుపట్టగలరు. ఆ తరువాతి కాలం ఆంగ్లేయులది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డన్ నెల్లూరులో ఉండి పక్షులను సేకరించాడు. 1862-64లో వెలువడిన ఆయన గ్రంథంలో పక్షులకు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. ఆ పేర్లు ఈ నేల మనుషులవి, పుస్తకం మీద పేరు దొరగారిది.

ఇక సలీం అలీ. 1896లో బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని మేనమామ ఇంట పెరిగారు. తుపాకితో కొట్టిన ఒక పిచ్చుక మెడపై పసుపు మచ్చ చూసి, అదేమిటో తెలుసుకోవడానికి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం గడప తొక్కారు. గనుల ప్రాంతంవారికి ఆసక్తి కలిగించే మాట ఒకటి: యౌవనంలో ఆయన బర్మా వెళ్లింది కుటుంబం వారి టంగ్‌స్టన్ గనులూ కలప వ్యాపారమూ చూసుకోవడానికే. అక్కడ కూడా ఆయన కళ్లు అడవిలోని పిట్టల మీదే ఉండేవి.

విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంతో ప్రభుత్వ జంతుశాస్త్ర సంస్థలో ఆయనకు ఉద్యోగం రాలేదు. జర్మనీ వెళ్లి శిక్షణ పొంది 1930లో తిరిగివస్తే, మ్యూజియంలో ఉన్న చిన్న కొలువు కూడా నిధుల్లేక రద్దయింది. ఖాళీగా కూర్చోలేదు. కిహిం గ్రామంలో గిజిగాడి గూళ్లను నెలల తరబడి గమనించారు. మగపక్షి గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటేనే పూర్తిచేస్తుంది. ఆపై మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షిని పిలుస్తుంది. ఊరి బావి మీద వేలాడే గూళ్లను అందరం చూశాం, అంత ఓపికగా కూర్చున్నది ఆయనే.

తరువాత సంస్థానాలకు ఆయన ఒక ప్రతిపాదన పంపారు: జీతం వద్దు, శిబిరానికీ ప్రయాణానికీ ఖర్చు ఇస్తే మీ రాజ్యంలోని పక్షులను సర్వే చేస్తాను. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. 1931-32లో భార్య తెహ్మీనాతో కలిసి హైదరాబాదు రాజ్యమంతా తిరిగారు. ఆమ్రాబాదు పీఠభూమి అడవుల్లో గుడారాలు వేసుకున్నారు. ఆ నివేదిక సంఘం పత్రికలో వరుసగా అచ్చయింది. తెలంగాణ పక్షుల గురించి ఎవరు రాసినా నేటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఇక్కడ మేము ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. సలీం అలీ మనవాడని వేదికలెక్కి మురిసిపోవడం తేలిక. ఆయనకు ఆదుకునే మేనమామ ఉన్నాడు, కుటుంబానికి వ్యాపారం ఉంది, ఆయన జీతం లేకుండా పనిచేయగలిగాడు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కూలీగా ఉన్న తండ్రి కొడుకు ఆ పని చేయగలడా? 2007 నుంచి అమలులో ఉన్న 4 శాతం రిజర్వేషన్ ఆ పిల్లవాణ్ణి కళాశాల గేటు దాటిస్తుంది. జంతుశాస్త్రంలో పీజీ, ఆపై పరిశోధన అంటే ఇంట్లో వాళ్లు "ఐటీఐ చెయ్, తొందరగా సంపాదించు" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. అందుకే పరిశోధన విద్యార్థుల ఫెలోషిప్పుల కోసం అడగడం కూడా మన హక్కుల జాబితాలో చేరాలి.

పని మిగిలి ఉందా అని అడుగుతారేమో. జెర్డన్ పేరు మీదున్న కలివికోడి అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పట్టింది ఒక స్థానిక వేటగాడు. మనకు దగ్గరలోనే, ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్టమీద రాబందులు గూళ్లు కట్టుకున్న సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది. పశువులకిచ్చే డైక్లోఫినాక్ మందు వల్ల దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, 2006లో ఆ మందును నిషేధించాక, మిగిలినవాటిలో అవి కొన్ని.

విరమణ పొందిన ఉద్యోగులం కొందరం ఆదివారాలు ఫజర్ తరువాత పిల్లలను గోదావరి ఒడ్డుకు తీసుకువెళ్లాలనుకుంటున్నాం. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. చూసిన పిట్ట పేరు ఉర్దూలోనూ తెలుగులోనూ రాయాలి. పేరు తెలియకపోతే ఒడ్డున చేపలు పట్టేవారిని అడిగి, చెప్పినవారి పేరు కూడా పక్కనే రాయాలి. ఆడపిల్లలను కూడా పంపండి. పేర్లు ఇవ్వదలచినవారు ఈ సభ ముగిశాక మమ్మల్ని కలవగలరు.